ఆంధ్రప్రదేశ్‌కు రాజ్యసభలో 11 సీట్లే ఎందుకు? జిల్లాకు వాటా ఉంటుందా?

సోంపేట నుంచి గ్రూప్-2కు చదువుతున్న ఒక బాబు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. "రాజ్యసభ సీట్లు జనాభాను బట్టి ఇస్తారంటారు. అలాగైతే ప్రతి జనగణన తర్వాతా మారాలి కదా, ఎందుకు మారడం లేదు? మనకు 11, తెలంగాణకు 7 అని ఎవరు తేల్చారు? శ్రీకాకుళం, విజయనగరం లాంటి వెనకబడిన జిల్లాలకు అందులో వాటా ఏమైనా ఉందా?"

నేను విజయనగరంలో డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధించి రిటైరయ్యాను. ఇప్పుడు పోటీ పరీక్షలు రాసేవాళ్లకు పాలిటీ చెబుతున్నాను. క్లాసులో ఎక్కువమంది తడబడే పాఠాల్లో ఇదొకటి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో రాజ్యాంగం నాలుగో షెడ్యూల్‌లో అంకెతో సహా రాసి ఉంది. ఆ అంకెల్లో చాలావాటికి మూలం 1951 జనగణన. కొత్త జనగణన వచ్చినంత మాత్రాన అవి మారవు, పార్లమెంటు చట్టం చేసి షెడ్యూల్‌ను సవరిస్తేనే మారతాయి. మన 11, తెలంగాణ 7 అన్నవి 2014 నాటి విభజన చట్టం రాసిన అంకెలు. జిల్లాలకు కోటా అంటూ ఏదీ లేదు.

ఇక లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. రాష్ట్రంలో మొదటి 50 లక్షల జనాభాకు పది లక్షలకొకటి చొప్పున 5 సీట్లు. ఆ పైన ప్రతి 20 లక్షలకు ఒకటి. చివర్లో మిగిలిన జనాభా పది లక్షలు దాటితే దానికీ ఒకటి. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు ఏడో రాజ్యాంగ సవరణ ఈ సూత్రం ప్రకారమే 1951 జనాభా లెక్కలతో షెడ్యూల్‌ను తిరగరాసింది.

కాగితం తీసుకుని మీరే వేసి చూడండి. 1956లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు 1951 లెక్కల ప్రకారం జనాభా సుమారు 3 కోట్ల 12 లక్షలు. మొదటి 50 లక్షలకు 5 సీట్లు. మిగిలిన 2 కోట్ల 62 లక్షలను ఇరవై లక్షల చొప్పున విభజిస్తే 13. మొత్తం 18. తర్వాత దాదాపు అరవై ఏళ్లు మనకున్నవి ఆ 18 సీట్లే. పశ్చిమ బెంగాల్‌కు అప్పుడు సుమారు 2 కోట్ల 63 లక్షలు. 5 సీట్లు పోగా మిగిలిన 2 కోట్ల 13 లక్షల్లో పది ఇరవైలక్షలు, పైన ఇంకో 13 లక్షలు. అది పది లక్షలు దాటింది కాబట్టి మరో సీటు. 5, 10, 1 కలిపి 16. ఈ రోజుకీ పశ్చిమ బెంగాల్‌కు 16 సీట్లే ఉన్నాయి.

ఈ సూత్రంలో ఆ చివరి పది లక్షల గీత ఎంత పదునైనదో తెలియాలంటే మద్రాసు సంగతి చూడాలి. 1956 షెడ్యూల్‌లో మద్రాసుకు 17 సీట్లు వచ్చాయి. ఆ రాష్ట్ర జనాభా మూడు కోట్లకు కొద్దిగా తక్కువ. ఇరవై లక్షల వాటాలన్నీ తీసేశాక మిగిలింది పది లక్షలకు కాస్త తక్కువ, అందుకని దానికి సీటు రాలేదు. తర్వాత ఆంధ్రప్రదేశ్, మద్రాసు సరిహద్దుల మార్పు చట్టం వచ్చింది. అది 1959 నాటి చట్టం, 1960 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. తిరుత్తణి ప్రాంతం అటు వెళ్లింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో మద్రాసు జనాభా మూడు కోట్లు దాటింది, దాని రాజ్యసభ సీట్లు 18 అయ్యాయి. ఇప్పటి తమిళనాడుకు ఉన్న 18 సీట్లలో చివరిది అలా వచ్చినదే. మనకు మాత్రం 18 అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు అసలు విషయం. కోచింగ్ నోట్సుల్లో ఎక్కువగా తప్పు పోయేది ఇక్కడే. పైన చెప్పిన సూత్రాన్ని ఇప్పటికీ నడుస్తున్న నిబంధనలా రాసేస్తారు. కానీ సూత్రం రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 80వ అధికరణం చెప్పేది ఇంతే: రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల నుంచి 238 మందికి మించకూడదు, రాష్ట్రపతి 12 మందిని నామినేట్ చేస్తారు, సీట్ల పంపకం నాలుగో షెడ్యూల్ ప్రకారం ఉంటుంది. లోక్‌సభకు 82వ అధికరణం ఉంది. జనగణన తర్వాత సీట్లు సర్దాలని అది చెబుతుంది. 1976లో 42వ సవరణ, 2001లో 84వ సవరణ ఆపి ఉంచింది ఆ సర్దుబాటునే. రాజ్యసభకు అలాంటి అధికరణమే లేదు. ఆపడానికి అక్కడ మొదలైనదంటూ ఏమీ లేదు. నియోజకవర్గాల పునర్విభజన చేసే డీలిమిటేషన్ కమిషన్‌కు, రాజ్యసభ సీట్ల సంఖ్యకు సంబంధం లేదు. ఈ వాక్యం నోట్సులో పెద్ద అక్షరాలతో రాసుకోండి.

మరి షెడ్యూల్ మారేది ఎప్పుడు? సాధారణంగా కొత్త రాష్ట్రం పుట్టినప్పుడు, లేదా సరిహద్దులు మారినప్పుడు. 2, 3 అధికరణాల కింద రాష్ట్రాల ఏర్పాటుకు చేసే చట్టంలోనే నాలుగో షెడ్యూల్‌ను కూడా సవరించవచ్చని 4వ అధికరణం చెబుతుంది. దాన్ని 368వ అధికరణం కింద రాజ్యాంగ సవరణగా లెక్కించరు కాబట్టి ప్రత్యేక మెజారిటీ అక్కర్లేదు, మామూలు మెజారిటీ చాలు. 2014లో మన విషయంలో జరిగింది కూడా ఇదే.

విభజనల చరిత్రలో ఒక తేడా ఉంది. దాన్ని చాలామంది గమనించరు. నాకు అది బాధ కలిగించే తేడా. 1960లో బొంబాయి రాష్ట్రం రెండైంది. అంతకు ముందు దానికి 27 సీట్లు. విడిపోయాక మహారాష్ట్రకు 19, గుజరాత్‌కు 11, మొత్తం 30. అదే జనాభా, అదే 1951 జనగణన. మూడు సీట్లు ఎలా పెరిగాయి? మొదటి 50 లక్షలకు ఐదు సీట్లన్న వెసులుబాటు ఇంతకు ముందు ఒక రాష్ట్రానికే దక్కేది, ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ దక్కింది. అంటే రాష్ట్రం చిన్నదైతే కొంత ఎక్కువ ప్రాతినిధ్యం ఇవ్వాలన్న ఉద్దేశం అప్పటికి ఇంకా బతికే ఉంది.

2000లో మూడు రాష్ట్రాలు విడిపోయినప్పుడు ఆ పద్ధతి పాటించలేదు. బిహార్‌కు ఉన్న 22లో 16 బిహార్‌కు, 6 ఝార్ఖండ్‌కు. మధ్యప్రదేశ్‌కు ఉన్న 16లో 11 మధ్యప్రదేశ్‌కు, 5 ఛత్తీస్‌గఢ్‌కు. ఉత్తరప్రదేశ్‌కు ఉన్న 34లో 31 దానికి, 3 ఉత్తరాఖండ్‌కు. ఒక్క సీటు కూడా పెరగలేదు. 2014లో మనకూ అంతే. 18 సీట్లు 11, 7గా విడిపోయాయి. అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఉన్న పొలాన్నే గట్టు వేసి పంచుకున్నట్టు అయింది.

11, 7 అనే నిష్పత్తి ఎలా వచ్చిందని అడిగారు. విభజన చట్టం అంకెలు చెబుతుంది, లెక్క కట్టిన తీరు చెప్పదు. నేను క్లాసులో ఇలా వేయిస్తాను. ఉమ్మడి అసెంబ్లీలో 294 స్థానాలు, అందులో 175 మనవి, 119 తెలంగాణవి. 18 సీట్లను ఆ నిష్పత్తిలో పంచితే మనకు 10.7, వాళ్లకు 7.3 వస్తాయి. లోక్‌సభ స్థానాలు 25, 17తో వేసినా అంతే. 2011 జనాభాతో వేస్తే పదిన్నర, ఏడున్నర దగ్గర ఆగుతుంది. ఏ దారిలో వెళ్లినా పూర్ణాంకం చేస్తే 11, 7 అన్నది సమంజసమే. ఈ పంపకంలో మనకు గానీ తెలంగాణకు గానీ పక్కవాళ్ల వల్ల నష్టం జరగలేదు. నష్టం అంటూ ఉంటే ఇద్దరికీ కలిపి జరిగింది, బొంబాయి విషయంలో పాటించిన పద్ధతిని ఇక్కడ పాటించకపోవడం వల్ల.

సీట్లు పంచడంతో పని అయిపోలేదు. అప్పటికే సభలో ఉన్న 18 మంది సభ్యులు ఎవరు ఏ రాష్ట్రానికి చెందాలి? దానికి 2014 మే 30న లాటరీ తీశారు. ఫలితంగా తెలంగాణ ఉద్యమ నాయకుడైన కె. కేశవరావు ఆ పదవీకాలమంతా రికార్డుల్లో ఆంధ్రప్రదేశ్ సభ్యుడిగా ఉన్నారు. మన వైపు వారైన కె.వి.పి. రామచంద్రరావు తెలంగాణ సభ్యుడయ్యారు. పాత సభ్యుల జాబితా చూసి "ఇదేమిటి, తప్పుగా అచ్చయింది" అనుకునే విద్యార్థులు ఇప్పటికీ కనిపిస్తారు. అది తప్పు కాదు.

జనగణన ప్రకారం మళ్లీ సీట్లు ఇవ్వాలన్న కోరిక మీ ప్రశ్నలో కనిపిస్తోంది. దాని గురించి ఆలోచించి మాట్లాడాలి బాబూ, ఎందుకంటే అది మనకు మేలు చేసే కోరిక కాదు.

పాత సూత్రాన్నే 2011 జనాభాకు వర్తింపజేశామనుకోండి. ఆంధ్రప్రదేశ్‌కు 27, తెలంగాణకు 20 వస్తాయి. వినడానికి బాగుంటుంది. కానీ ఉత్తరప్రదేశ్‌కు 102 వస్తాయి, దేశం మొత్తానికి 600 దాటిపోతాయి. రాజ్యాంగం పెట్టిన గరిష్ఠ పరిమితి 238. కాబట్టి ఆ సూత్రం యథాతథంగా తిరిగి రాదు. పోనీ, ఇప్పుడున్న 233 ఎన్నికైన సీట్లనే కొత్త జనాభా నిష్పత్తిలో పంచితే? దేశ జనాభాలో మన వాటా సుమారు 4.1 శాతం. 233లో 11 అంటే 4.7 శాతం. అంటే మనకు ఒకటో రెండో సీట్లు తగ్గుతాయి. తమిళనాడు, కేరళలకు ఇంకా ఎక్కువ తగ్గుతాయి. ఉత్తరప్రదేశ్, బిహార్, రాజస్థాన్‌లకు పెరుగుతాయి.

ఇప్పటి పరిస్థితి చూడండి. 2011 జనాభా ప్రకారం ఒక్కో రాజ్యసభ సీటుకు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 45 లక్షల మంది, తెలంగాణలో 50 లక్షల మంది. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెడితే 42 లక్షలు. కేరళలో 37 లక్షలు. ఉత్తరప్రదేశ్‌లో 64 లక్షలు, రాజస్థాన్‌లో 68 లక్షలు. సిక్కింలో 6 లక్షల మందికి ఒక సభ్యుడు. జనాభాను అదుపులో పెట్టిన రాష్ట్రాలకు రాజ్యసభలో పాత లెక్క ఒక రక్షణగా నిలిచింది. 2026 తర్వాతి జనగణనతో లోక్‌సభ సీట్లు సర్దితే దక్షిణాదికి ఏమవుతుందన్న టెన్షన్ అందరిలో ఉంది. అలాంటప్పుడు రాజ్యసభ లెక్కను కూడా కదపమని మనమే అడగడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం.

అడగాల్సింది వేరే ఉంది. రాష్ట్రాల పరిమాణంతో పని లేకుండా అన్నిటికీ సమాన సీట్లు ఇవ్వాలని కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై వేసిన పూంఛీ కమిషన్ 2010లో సిఫారసు చేసింది. అమెరికా సెనేట్‌లో ఒక్కో రాష్ట్రానికి ఇద్దరు ఉన్నట్టు. మన రాజ్యాంగ నిర్మాతలు ఆ పద్ధతి తీసుకోలేదు. పూర్తి సమానత్వం మన దేశంలో కుదురుతుందని నేనూ అనుకోను, 20 కోట్ల రాష్ట్రాన్నీ 6 లక్షల రాష్ట్రాన్నీ ఒకే గాటన కట్టలేం. కానీ చిన్న, మధ్య తరహా రాష్ట్రాలకు కాస్త మొగ్గు చూపే ఆ 1956 నాటి సూత్రం వెనక ఉన్న ఆలోచనను కాపాడుకోవాలి. రేపు ఇంకో రాష్ట్రం విడిపోతే బొంబాయి పద్ధతి పాటించండని అడగడంలో న్యాయం ఉంది. 233కూ 238కీ మధ్య ఇంకా ఐదు సీట్ల ఖాళీ కూడా ఉంది.

ఇక మన జిల్లాల సంగతి.

రాజ్యసభ సభ్యుడికి నియోజకవర్గం అంటే మొత్తం రాష్ట్రం. ఎన్నుకునేది ఎమ్మెల్యేలు. ఎమ్మెల్సీలకు ఓటు లేదు, ఇది పరీక్షల్లో తరచూ అడిగే చిక్కు ప్రశ్న. సభ్యుడి పదవీకాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. మన 11 సీట్లు 4, 4, 3గా విడివిడిగా ఖాళీ అవుతుంటాయి. గెలవడానికి కావాల్సిన ఓట్లు ఎన్ని సీట్లు ఖాళీ అయ్యాయన్న దాన్ని బట్టి మారతాయి. ఒక్కో ఎమ్మెల్యే ఓటు విలువ 100. చెల్లిన ఓట్ల మొత్తం విలువను, సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి దాంతో భాగించి, వచ్చినదానికి ఒకటి కలపాలి. 175 మందీ ఓటేస్తే, నాలుగు సీట్లకు 17,500ను 5తో భాగించి ఒకటి కలిపితే 3,501. అంటే 36 మంది ఎమ్మెల్యేలు కావాలి. మూడు సీట్లకైతే 4,376, అంటే 44 మంది. 2020 జూన్‌లో నాలుగు సీట్లకు పోలింగ్ జరిగినప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థులు నలుగురికీ తలా 38 ఓట్లు వచ్చాయి, తెలుగుదేశం అభ్యర్థి వర్ల రామయ్యకు 17 వచ్చాయి. 17 మంది ఒక్క తాటి మీద నిలబడినా సీటు రాదు.

ఈ లెక్కలోంచి మన ప్రాంతాన్ని చూడండి. ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలో 8 అసెంబ్లీ స్థానాలు, విజయనగరంలో 7, పార్వతీపురం మన్యంలో 4. పాత రెండు జిల్లాల కింద లెక్కేస్తే 19. నాలుగు సీట్ల ఎన్నికలో ఒక సభ్యుణ్ని గెలిపించడానికి కావాల్సిన 36లో అది సగం కంటే ఎక్కువ. కానీ ఆ 19 మంది వేర్వేరు పార్టీల్లో ఉంటారు, ఓటు పార్టీ చెప్పినట్టు వేస్తారు. 2003లో చేసిన చట్టసవరణ వల్ల ఇది బహిరంగ ఓటు. పార్టీకి చెందిన ఎమ్మెల్యే బ్యాలెట్‌ను పెట్టెలో వేసే ముందు తన పార్టీ ఏజెంటుకు చూపించాలి. కాబట్టి ప్రాంతం పేరు మీద ఓట్లు కూడగట్టడం జరిగే పని కాదు. టికెట్ ఎవరికన్నది పార్టీ తేల్చే రోజే మన జిల్లాకు అవకాశం వస్తుంది, పోలింగ్ రోజు కాదు. ఒత్తిడి తేవాలంటే ఆ ముందు రోజుల్లోనే తేవాలి. మన వైపు నుంచి అలా వెళ్లినవారు ఉన్నారు. కిమిడి కళా వెంకటరావు 1998 నుంచి 2004 వరకు రాజ్యసభ సభ్యులు. కానీ రాష్ట్రంలోని మిగతా ప్రాంతాలతో పోలిస్తే మనకు దక్కింది తక్కువేనని నేను అనుకుంటాను. ఇక్కడి ఎమ్మెల్యేలు పార్టీ వేదికల్లో ఈ మాట గట్టిగా అనాలి.

అదే 2003 సవరణ ఇంకో పని కూడా చేసింది. అంతకు ముందు అభ్యర్థి ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి. ఇప్పుడు దేశంలో ఎక్కడ ఓటున్నా చాలు. దీన్ని సవాలు చేసిన కులదీప్ నయ్యర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది. అందుకే 2014లో నిర్మలా సీతారామన్, 2016లో సురేశ్ ప్రభు, 2020లో పరిమళ్ నత్వానీ మన రాష్ట్రం నుంచి ఎన్నికయ్యారు. వ్యక్తుల సమర్థత గురించి నేను మాట్లాడటం లేదు. రాష్ట్రాల సభ అన్నప్పుడు ఆ రాష్ట్రంలో బతికినవాళ్లు వెళ్లాలన్నది నా నమ్మకం. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి, వంశధార నిర్వాసితుల గురించి, పని కోసం ఊళ్లు వదిలి వెళ్లే మన మత్స్యకారుల గురించి సభలో లేచి మాట్లాడటానికి ఆ ఊళ్లు తెలిసినవాళ్లు కావాలి. కోర్టు తీర్పు చట్టం చెల్లుతుందని చెప్పింది. స్థానికులకు టికెట్ ఇవ్వొద్దని చెప్పలేదు.

ఉప ఎన్నికల విషయంలో ఒక జాగ్రత్త. మధ్యలో రాజీనామాల వల్ల ఖాళీ అయిన సీట్లను వేర్వేరు ఖాళీలుగా లెక్కించి, విడివిడిగా ఎన్నిక జరుపుతారు. అప్పుడు ఒక్కో సీటుకు సగం కంటే ఎక్కువ ఓట్లు కావాలి. అసెంబ్లీలో మెజారిటీ ఉన్న పక్షానికి అన్నీ దక్కుతాయి. పైన చెప్పిన 36, 44 లెక్క అక్కడ పనిచేయదు.

పరీక్ష కోసం మిగిలినవి గబగబా చెబుతాను. మొత్తం 245, అందులో ఎన్నికైనవారు 233, నామినేటెడ్ 12. కేంద్రపాలిత ప్రాంతాల్లో ఢిల్లీకి 3, జమ్మూ కశ్మీర్‌కు 4, పుదుచ్చేరికి 1, మిగతావాటికి సున్నా. అసెంబ్లీ లేకపోతే ఓటేసేవాళ్లే ఉండరు కాబట్టి. 2023లో వచ్చిన మహిళా రిజర్వేషన్ సవరణ లోక్‌సభకు, అసెంబ్లీలకే, రాజ్యసభకు వర్తించదు. విభజన చట్టంలో చెప్పినట్టు మన అసెంబ్లీ 175 నుంచి 225కు పెరిగినా రాజ్యసభ సీట్లు 11గానే ఉంటాయి, గెలవడానికి కావాల్సిన ఎమ్మెల్యేల సంఖ్య మాత్రం పెరుగుతుంది. నాలుగు సీట్లకు 36 బదులు 46 అవుతుంది.

చివరగా జిల్లాకు ఉపయోగపడే విషయం ఒకటి. రాజ్యసభ సభ్యులకు కూడా ఎంపీ ల్యాడ్స్ నిధులు, అంటే స్థానిక అభివృద్ధి పనులు సిఫారసు చేయడానికి ఎంపీలకు కేటాయించే నిధులు, ఏడాదికి 5 కోట్లు ఉంటాయి. వాళ్లు ఎన్నికైన రాష్ట్రంలో ఏ జిల్లాలోనైనా పనులు సిఫారసు చేయవచ్చు, ఆ నిధుల వ్యవహారం చూసేందుకు ఒక జిల్లాను నోడల్ జిల్లాగా ఎంచుకుంటారు. అంటే మన 11 మందిలో ఎవరికైనా సోంపేట బడి గది కోసమో, మంచినీటి పథకం కోసమో అర్జీ పెట్టుకోవచ్చు. "ఆయన మా జిల్లా కాదు కదా" అని ఆగిపోనక్కర్లేదు. పంచాయతీ తీర్మానం, స్థలం ప్రభుత్వానిదన్న కాగితం, ఇంజినీర్ వేసిన అంచనా జతచేసి పంపండి. అవి లేని అర్జీలు కలెక్టరేట్ దగ్గరే నిలిచిపోతుంటాయి.